నేపాల్ యాత్ర భూమార్గంలో: తరచుగా అడిగే ప్రశ్నలు

ముక్తినాథ్, పశుపతినాథ్, జనక్‌పుర్, లుంబిని. వీటిలో ఏదో ఒకటి మనసులో పెట్టుకుని ఏటా తెలుగు నేల నుంచి ఎంతోమంది నేపాల్‌కు బయలుదేరుతున్నారు. రైల్లో వెళ్ళి, సరిహద్దు దాటి, అక్కడి బస్సుల్లో తిరిగి రావాలనుకునే వాళ్ళు అడిగే సందేహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటికి ఒకచోట జవాబులు రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసింది మాత్రమే చదువుకోవచ్చు. అన్నిటి వెనకా ఉన్న నా నమ్మకం ఒకటే: ఒక యాత్రకు ఒకే సరిహద్దు, ఒకే ప్రాంతం. తక్కువ చోట్లకు వెళ్ళి ఎక్కువ రోజులు ఉంటే దారి ఖర్చు, డీజిల్ పొగ తగ్గుతాయి, మన డబ్బు అక్కడి ఇళ్ళకు చేరుతుంది.

## బయలుదేరే ముందు

విమానంలో ఒక్క రోజులో చేరిపోవచ్చు కదా, రైల్లో రెండు రోజులు ఎందుకు?

దూరప్రయాణంలో మన వల్ల గాలిలో చేరే కర్బనంలో పెద్ద వాటా విమానానిదే. మన బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయ్యాయి. ఆ కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి రైలు పూర్తిగా శుభ్రమైన ప్రయాణం అనలేం. అయినా ఒక్కొక్క ప్రయాణికుడి లెక్కన చూస్తే విమానానికీ దానికీ పోలికే లేదు. ఇంకో కారణం కూడా ఉంది. విమానంలో వెళ్ళేవాళ్ళు నేరుగా ఖాట్మండులో దిగుతారు. అప్పటికే కిక్కిరిసిన ఆ లోయ మీద మరింత భారం పడుతుంది. లుంబిని, జనక్‌పుర్ లాంటి తరాయి (దక్షిణ నేపాల్ మైదానం) ఊళ్ళు మన సరిహద్దుకు ఆనుకుని ఉన్నా దారి పక్కకు తప్పుకుపోతాయి. రైల్లో వెళ్తే యాత్ర వాటితోనే మొదలవుతుంది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు, సెలవు దొరకని ఉద్యోగులకు విమానం తప్పకపోవచ్చు. అలాంటప్పుడు ఒక వైపు విమానం, ఒక వైపు రైలు పెట్టుకున్నా సగం మేలు జరిగినట్టే.

ఏ సరిహద్దు నుంచి వెళ్ళాలి?

వెళ్ళాలనుకున్న క్షేత్రాన్ని బట్టి. లుంబినికి, పోఖరా మీదుగా ముక్తినాథ్‌కు ఉత్తరప్రదేశ్‌లోని సునౌలి దగ్గర. జనక్‌పుర్‌కు బీహార్‌లోని జయనగర్ దగ్గర. ఖాట్మండుకు, చిత్వన్ అడవులకు రక్సౌల్ దగ్గర. డార్జిలింగ్, సిక్కిం చూసుకుని తూర్పు నేపాల్‌కు వెళ్ళాలంటే పానీటంకీ నుంచి కాకర్‌భిట్టా. ఉత్తరాఖండ్ నుంచి వెళ్ళేవాళ్ళకు బన్‌బసా ఉంది.

ఒక సరిహద్దులో వెళ్ళి ఎక్కడో దూరంగా మరో సరిహద్దులో బయటపడాలని చాలామంది ప్రణాళిక వేస్తారు. దానివల్ల నేపాల్‌ను అడ్డంగా దాటడానికే రెండు రోజులు పోతాయి. వెళ్ళిన దారిలోనే రండి.

తెలుగు రాష్ట్రాల నుంచి నేరుగా రైలు ఉందా?

హైదరాబాద్ నుంచి రక్సౌల్‌కు, దర్భంగాకు నేరుగా వెళ్ళే రైళ్ళు ఉన్నాయి. అవి వారంలో కొన్ని రోజులే నడుస్తాయి. గోరఖ్‌పూర్ వైపు రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్తుంది. దర్భంగా నుంచి జయనగర్‌కు, గోరఖ్‌పూర్ నుంచి నౌతన్వాకు స్థానిక రైళ్ళున్నాయి. నౌతన్వా నుంచి సునౌలి ఏడెనిమిది కిలోమీటర్లే, ఆటో సరిపోతుంది.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది. ముందు రైలు టికెట్లు తీసుకుని, దానికి తగ్గట్టు మిగతా ప్రణాళిక వేసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్ళను అక్కడికి మార్చారు. మీ రైలు ఏ స్టేషన్ నుంచి బయలుదేరుతుందో టికెట్ మీద చూసుకోండి.

పాస్‌పోర్టు తప్పనిసరా? ఆధార్ చాలదా?

భారతీయులకు నేపాల్‌కు వీసా అవసరం లేదు. రోడ్డు దారిలో పాస్‌పోర్టు లేకపోయినా ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు ఉండాలి. అయినా ప్రతి ఒక్కరూ పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో వెంట పెట్టుకోవాలనే నా సలహా. కారణం ఉంది. మధ్యలో ఆరోగ్యం బాగాలేక విమానంలో తిరిగి రావలసి వస్తే ఆ రెండింటిలో ఒకటి ఉండాల్సిందే. 65 ఏళ్ళు దాటినవారికి, 15 ఏళ్ళలోపు పిల్లలకు మాత్రమే వేరే కార్డులతో మినహాయింపు ఉంది. 15 నుంచి 18 ఏళ్ళ వయసు పిల్లలకు బడి ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువీకరణ పనికొస్తుంది.

మా మనవలు అమెరికాలో పుట్టారు. వాళ్ళూ మాతో సరిహద్దు దాటవచ్చా?

దాటవచ్చు, కానీ వాళ్ళ నియమాలు వేరు. అమెరికా పాస్‌పోర్టు ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, నేపాల్ వీసా తీసుకోవాలి. సునౌలి, రక్సౌల్ లాంటి ప్రధాన సరిహద్దుల్లో వీసా అక్కడికక్కడే ఇస్తారు. 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50 డాలర్లు. డాలర్లు నోట్ల రూపంలో దగ్గర ఉంచుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. ఇది బారులు తీరిన జనం ఇటూ అటూ నడిచిపోయే బహిరంగ సరిహద్దు. మిమ్మల్ని ఎవరూ ఆపరు. తాత, నానమ్మ నడుస్తూ ఉంటే పిల్లలు కూడా వాళ్ళతో పాటే నడిచిపోతారు, పాస్‌పోర్టు మీద ముద్ర పడదు. ఆ తర్వాత తిరిగి వచ్చేటప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. భారత్ వైపు ఇమిగ్రేషన్ కార్యాలయం, నేపాల్ వైపు ఇమిగ్రేషన్ కార్యాలయం, రెండింటినీ మీరే వెతుక్కుని వెళ్ళి ముద్ర వేయించుకోవాలి. జయనగర్ నుంచి జనక్‌పుర్ వెళ్ళే రైల్లో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళను ఎక్కనివ్వకపోవచ్చు, అలాంటి కుటుంబాలు ఆ దారి పెట్టుకోకపోవడం మేలు.

ఏ నెలల్లో వెళ్ళాలి?

అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు చివరి దాకా, మళ్ళీ మార్చి, ఏప్రిల్. జూలై నుంచి సెప్టెంబరు వరకు కొండదారులు నమ్మదగినవి కావు. 2024 జూలై 12న నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ రోడ్డు మీద సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. వాటిలో 60 మందికి పైగా ప్రయాణికులు ఉన్నారు, కొందరు మనవాళ్ళు. అదే ఏడాది సెప్టెంబరు చివరి వరదల్లో ఖాట్మండుకు వెళ్ళే దారులు తెగిపోయాయి. శ్రావణంలో ముక్తినాథ్ వెళ్ళాలన్న మొక్కు ఉంటే దాన్ని కార్తికానికి జరుపుకోమని పెద్దలకు నచ్చజెప్పండి. కార్తికం కూడా పుణ్యమాసమే.

దశైం పండుగ రోజుల్లో, అంటే మన దసరాకు, నేపాలీలు అందరూ సొంతూళ్ళకు కదులుతారు. బస్సుల్లో చోటు దొరకదు. రెండు వైపుల్లో ఎక్కడ ఎన్నికలు ఉన్నా పోలింగుకు ముందు సరిహద్దు మూసేస్తారు, తేదీలు చూసుకుని బయలుదేరండి.

## సరిహద్దు దాటేటప్పుడు

జయనగర్–జనక్‌పుర్ రైలు నిజంగా నడుస్తోందా?

నడుస్తోంది. 1937 నాటి చిన్న గేజ్ లైను ఒకటి ఇక్కడ ఉండేది, గేజ్ మార్పిడి కోసం 2014లో ఆపేశారు. కొత్త బ్రాడ్‌గేజ్ లైనును 2022 ఏప్రిల్ 2న రెండు దేశాల ప్రధానులు ప్రారంభించారు. జయనగర్ నుంచి జనక్‌పుర్ మీదుగా కుర్తా వరకు సుమారు 35 కిలోమీటర్లు. 2023లో దాన్ని బిజల్‌పురా దాకా పొడిగించారు. బర్దిబాస్ వరకు వేయాలన్నది అసలు ప్రణాళిక. అదే 2022 జూన్‌లో ఢిల్లీ నుంచి బయలుదేరిన రామాయణ యాత్ర పర్యాటక రైలు కూడా ఈ దారిలోనే జనక్‌పుర్ చేరింది.

నేపాల్ రైళ్ళకు జయనగర్‌లో వేరే స్టేషన్ ఉంది, భారతీయ రైల్వే స్టేషన్ పక్కనే. టికెట్ కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపించాలి. నేపాల్ గడియారం మన కంటే 15 నిమిషాలు ముందుంటుంది కాబట్టి రైలు వేళ ఏ దేశపు సమయంలో చెబుతున్నారో కౌంటర్లో అడగండి. ఇది డీజిల్ రైలే. అయినా ఒక్క రైల్లో అంతమంది కూర్చున్నప్పుడు జీపులతో పోలిస్తే ఎంతో నయం. మధ్యలో ఇనర్వా, ఖజురీ, వైదేహి, పర్‌బాహా లాంటి చిన్న చిన్న ఆగుళ్ళు. పెట్టెలో పక్కన కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది సరిహద్దుకు అటూ ఇటూ బంధుత్వాలున్న మైథిలీ కుటుంబాలు.

ఢిల్లీ, వారణాసిల నుంచి ఖాట్మండుకు బస్సులు ఉన్నాయంటారు. అవి మేలా?

2014 నవంబరులో రెండు దేశాలూ మోటారు వాహనాల ఒప్పందం చేసుకున్నాక ఢిల్లీ–ఖాట్మండు, తర్వాత 2015లో వారణాసి–ఖాట్మండు బస్సులు మొదలయ్యాయి. 2018 మేలో జనక్‌పుర్–అయోధ్య బస్సును ప్రారంభించారు. బస్సు మారాల్సిన పని లేకపోవడం వీటి సుఖం. కానీ ఢిల్లీ నుంచి ఒకే సీట్లో ఒక పగలు, ఒక రాత్రి దాటి కూర్చోవాలి. మన ప్రాంతం నుంచి వెళ్ళేవాళ్ళకు ఢిల్లీ చుట్టుదారి కూడా. గోరఖ్‌పూర్ వరకు రైలు, అక్కడి నుంచి పగటి బస్సులు: మనకు ఇదే దగ్గర, ఇదే సుఖం.

మా సొంత కారులో వెళ్తే తప్పేమిటి?

చట్టప్రకారం తప్పేమీ లేదు. సరిహద్దు దగ్గర కస్టమ్స్ కార్యాలయంలో రోజుల లెక్కన రుసుము కట్టి కాగితం తీసుకోవాలి. అక్కడ అందరూ దాన్ని భన్సార్ అంటారు. కాగితంలో రాసిన గడువు దాటితే జరిమానా ఉంటుంది.

నేను వద్దనడానికి కారణాలు వేరే. హైదరాబాద్ నుంచి అంత దూరం నలుగురి కోసం ఒక ఇంజను తిప్పడం ఒకటి. మన డ్రైవర్లకు ఆ కొండ మలుపులు కొత్త కావడం రెండోది. 2024 ఆగస్టు 23న మహారాష్ట్ర యాత్రికులతో వెళ్తున్న భారతీయ బస్సు తనహూఁ జిల్లాలో మర్స్యాంగ్ది నదిలో పడి 27 మంది చనిపోయారు. ఆ ఒక్క ప్రమాదం వల్ల మన డ్రైవర్లందరినీ తక్కువ చేయకూడదు. కానీ రోజూ అదే దారిలో తిరిగే మనిషికి ఏ మలుపులో రాళ్ళు దొర్లుతాయో, ఏ వేళకు మంచు కమ్ముతుందో తెలుసు. అక్కడి బండి, అక్కడి డ్రైవరు ఉంటే మన ప్రాణానికి భద్రత, ఒక కుటుంబానికి జీతం.

డబ్బు ఎలా తీసుకెళ్ళాలి?

మన 100 రూపాయలకు నేపాల్ 160 రూపాయలు. 1993 నుంచీ ఈ మారకం మారలేదు. 100 రూపాయల నోట్లు, అంతకంటే చిన్నవి ఎక్కడైనా తీసుకుంటారు. పెద్ద నోట్ల మీద ఏళ్ళుగా ఆంక్షలున్నాయి, నియమాలు మారుతూ వస్తున్నాయి, కాబట్టి వెళ్ళే ముందు బ్యాంకులో అడిగి తెలుసుకోండి. 2024 మార్చి నుంచి ఫోన్‌పే అని కాకుండా ‘ఫోనెపే’ అని రాసి ఉన్న క్యూఆర్ కోడ్‌లకు మన యూపీఐతో చెల్లించే వీలు కల్పించారు. పట్టణాల్లో అది బాగా పనికొస్తుంది. కొండ ఊళ్ళలో, ముసలమ్మల టీ దుకాణాల్లో మాత్రం నేపాల్ నోట్లే. సరిహద్దు దాటగానే కొంత మార్చుకోండి.

## దేశం లోపల తిరిగేటప్పుడు

కరెంటు బస్సులు దొరుకుతాయా? అవి నిజంగా మేలు చేస్తాయా?

దొరుకుతాయి, ఏడాదికేడాది పెరుగుతున్నాయి. నేపాల్ పెట్రోలు, డీజిలు మొత్తం భారత్ నుంచే కొనుక్కుంటుంది. 2019లో మోతీహారి నుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా 69 కిలోమీటర్ల గొట్టపు మార్గం వచ్చేవరకు అదంతా ట్యాంకర్లలోనే వెళ్ళేది. 2015లో సరిహద్దు రవాణా నెలల తరబడి స్తంభించినప్పుడు వంటగ్యాసుకు, బండి నూనెకు ఆ దేశం ఎంత అల్లాడిందో అక్కడి పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. మరోవైపు వాళ్ళ సొంత కరెంటు దాదాపు అంతా నదుల నుంచే వస్తుంది. అందుకే అక్కడ కరెంటు బండ్లకు అంత ఆదరణ. కొత్తగా దిగుమతి అయ్యే కార్లలో ఎక్కువ భాగం ఇప్పుడు అవే.

ఖాట్మండు నుంచి పోఖరా లాంటి ప్రధాన మార్గాల్లో ఎలక్ట్రిక్ మైక్రోబస్సులు తిరుగుతున్నాయి. బస్టాండులో ‘ఎలక్ట్రిక్ మైక్రో’ అని అడగండి. ఖాట్మండు నగరంలో సాఝా యాతాయాత్ అనే సహకార సంస్థ పచ్చరంగు బస్సులు నడుపుతోంది, వాటిలో కరెంటువి కూడా ఉన్నాయి. 1990ల నుంచి తిరుగుతున్న మూడు చక్రాల సఫా టెంపోలు ఇంకా ఉన్నాయి. తెల్లటి బండి, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, మోకాళ్ళు మోకాళ్ళు తగులుతాయి. వాటిని నడిపేవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతోమంది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. చలికాలంలో నదులు తగ్గినప్పుడు నేపాల్ మన దగ్గర కరెంటు కొంటుంది, మనది ఎక్కువగా బొగ్గు కరెంటు. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో ఆ మేలు కొంత తగ్గుతుంది. వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో మాత్రం అది నిజంగా నీటి కరెంటే.

రాత్రి బస్సు ఎక్కితే ఒక గది అద్దె మిగులుతుంది కదా?

మిగులుతుంది, కానీ ఎక్కకండి. కొండదారుల్లో రాత్రి ప్రయాణం ఎప్పుడూ ప్రమాదమే. వానల్లో కొన్ని మార్గాల్లో రాత్రి బస్సులను అధికారులే ఆపేస్తారు. పగటి బస్సులో వెళ్ళి, దారిలో ఒక ఊళ్ళో రాత్రి ఆగండి. సునౌలి–పోఖరా దారిలో తాన్సేన్ అలాంటి ఊరు. బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర కొండచరియలు పడే చోటు వస్తుంది, దాన్ని వెలుతురు ఉండగానే దాటాలి. ఆ తర్వాత తాన్సేన్ పాత వీధుల్లో నడిచి, అక్కడే పడుకుని, మర్నాడు పోఖరా చేరితే ఒళ్ళు నలగదు.

లుంబినిలో బండి లేకుండా తిరగగలమా?

తిరగగలరు, అలా తిరగడానికే దాన్ని నిర్మించారు. భైరహవాలోని బుద్ధ చౌక్ నుంచి లుంబినికి స్థానిక బస్సులు ఉంటాయి, 20 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరం. జపాన్ వాస్తుశిల్పి కెంజో టాంగే 1978లో ఇచ్చిన ప్రణాళిక ప్రకారం ఆ ప్రాంగణం పొడవు దాదాపు 5 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరున్నర. నడుమ కాలువ, రెండు వైపులా వివిధ దేశాల విహారాలు, దక్షిణం కొసన మాయాదేవి ఆలయం, పక్కనే అశోకుడి స్తంభం. కాలువ వెంబడి నడవండి, లేదా సైకిల్ అద్దెకు తీసుకోండి. పెద్దవాళ్ళకు కరెంటు రిక్షాలు, పడవలు ఉన్నాయి.

ఆలయం లోపల ఫొటోలు తీయకూడదు, చెప్పులు బయటే విప్పాలి. ప్రశాంతంగా కాసేపు నిలబడండి. మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడిన బుద్ధుడి జనన దృశ్యాన్ని అమరావతి, నాగార్జునకొండ శిల్పులు మన పలకరాళ్ళ మీద చెక్కారు. ఆ బొమ్మ చూసి పెరిగిన మనకు ఆ చోటు పరాయిది కాదు. ప్రాంగణం ఉత్తరపు పొలాల్లో సారస్ కొంగలు కనిపిస్తాయి, వాటి దగ్గరికి పోకుండా దూరం నుంచే చూడండి.

ఇక్కడికి వచ్చి గంటన్నరలో చూసేసి బస్సెక్కే బృందాలు రోజూ కనిపిస్తాయి. కనీసం ఒక రాత్రి ఉండి, మర్నాడు పడమట ఉన్న తిలౌరాకోట్ కూడా చూడండి. శుద్ధోదనుడి కపిలవస్తు అదేనని నేపాల్ చెబుతుంది. తిరుగు దారిలో గోరఖ్‌పూర్ దగ్గరి కుశీనగరం కలుపుకుంటే జననం నుంచి నిర్యాణం దాకా ఒక మూలలోనే యాత్ర పూర్తవుతుంది.

ముక్తినాథ్‌కు హెలికాప్టర్ ప్యాకేజీలు అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

నా జవాబు వద్దనే. పోఖరా సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తులో ఉంటే ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంది. అరగంటలో అంత ఎత్తుకు ఎగిరితే శరీరానికి అలవాటు పడే వ్యవధి ఉండదు. తలనొప్పి, వాంతి, ఆయాసం మొదలైతే పెద్దవాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. పైగా నలుగురైదుగురి కోసం తాగే ఇంధనం చాలా ఎక్కువ. దారిలో ఉన్న ఒక్క ఊరికీ పైసా రాదు.

రోడ్డు దారిలో అయితే పోఖరా నుంచి బేని, తాతోపాని, మార్ఫా మీదుగా జోమ్‌సోమ్ చేరాలి. ఒక పూర్తి రోజు పడుతుంది, దుమ్ము, కుదుపులు ఉంటాయి. ఒక్క రోజులో కాకుండా తాతోపాని దగ్గరో, కాలోపాని దగ్గరో ఒక రాత్రి ఆగండి. తర్వాతి రాత్రి మార్ఫాలోనో కాగ్‌బేనిలోనో ఉంటే 2,700, 2,800 మీటర్ల ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడుతుంది. ఆ మర్నాడు పొద్దున్నే స్థానిక జీపులో పైకి వెళ్ళి, దర్శనం చేసుకుని, అదే రోజు కిందికి దిగిపోండి. మధ్యాహ్నం నుంచి కాలీ గండకీ లోయలో గాలి విపరీతంగా వీస్తుంది. జీపు రాణీపౌవా ఊరి వరకే, ఆపైన మెట్ల దారి. రెండు అడుగులకు ఒకసారి ఆగి నడిచినా తప్పులేదు. 108 ధారల కింద స్నానం మొక్కుకున్నవాళ్ళు గుండెజబ్బు, రక్తపోటు ఉంటే నీళ్ళు చల్లుకుని సరిపెట్టుకోవాలి. ఆ నీళ్ళు మంచులా ఉంటాయి.

అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వెళ్ళడానికి అనుమతి పత్రం కావాలి. భారతీయులకు, సార్క్ దేశాల వారికి రుసుము తక్కువ. పోఖరాలోనే తీసుకుని బయలుదేరండి.

చిత్వన్‌లో ఏనుగు సవారీ చేయవచ్చా?

వద్దు. మనుషులను మోయడానికి ఏనుగులను లొంగదీసే పద్ధతి క్రూరమైనది. 1973లో ఏర్పడిన ఈ జాతీయవనంలో గైడుతో కాలినడకన తిరగవచ్చు, దోనెలో వెళ్ళవచ్చు. ఒంటికొమ్ము ఖడ్గమృగాలు నది ఒడ్డున తరచుగా కనిపిస్తాయి. థారూ కుటుంబాల ఇళ్ళలో బస దొరుకుతుంది.

## అక్కడ ఉన్నప్పుడు

మా బృందం వంటమనిషిని, బియ్యం, గ్యాసు వెంట తీసుకెళ్తుంది. అలా అయితే ఖర్చు తక్కువ కదా?

ఇది మన తెలుగు యాత్రా బృందాల పాత అలవాటు. దూరదేశంలో మడి, పథ్యం నిలుపుకోవాలన్న శ్రద్ధ దాని వెనక ఉందని నాకు తెలుసు, దాన్ని గౌరవిస్తాను. కానీ ఫలితం చూడండి. బస్సు వచ్చి ఒక మైదానంలో ఆగుతుంది, పొయ్యి వెలుగుతుంది, నలభై మంది తింటారు. ప్లాస్టిక్ ప్లేట్లు, కవర్లు, మిగిలిన సాంబారు అక్కడే పడి ఉంటాయి. ఆ ఊరికి మన నుంచి మిగిలింది ఆ చెత్త ఒక్కటే. కొండ మలుపుల్లో కుదిపే బస్సులో గ్యాసు బండ ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

నేపాలీల రోజువారీ భోజనం పప్పు, అన్నం, కూర, పచ్చడి. మనకు ఇంతకంటే దగ్గరి భోజనం ఉత్తరాదిలో దొరకడం కష్టం. చాలా చోట్ల అడిగినంత మళ్ళీ వడ్డిస్తారు. మాంసం వద్దంటే ‘సాకాహారీ’ అనండి, ఉల్లి, వెల్లుల్లి వద్దంటే ముందే చెప్పండి, వండి పెడతారు. పెరుగు లేకుండా ముద్ద దిగని వాళ్ళు భక్తపూర్‌లో మట్టిమూకుళ్ళలో తోడు పెట్టే జుజు ధౌ తిని చూడండి. ఇంటి నుంచి కందిపొడి, ఒక సీసా ఆవకాయ చాలు. వంటమనిషికి ఇచ్చే డబ్బు దారిలోని భోజనశాలలకు ఇవ్వండి.

నీళ్ళ సీసాలు కొనకుండా ఎలా?

ఒక్కొక్కరికి ఒక స్టీలు సీసా, బృందానికి ఒక వడపోత పరికరం లేదా క్లోరిన్ బిళ్ళలు. బస చేసే చోట కాచిన నీళ్ళు అడిగితే ఇస్తారు. కొండ ఊళ్ళలో కొద్ది డబ్బుకు పోస్తారు. పైకి వెళ్ళిన ప్లాస్టిక్ సీసా కిందికి దిగదు. అక్కడే కాల్చేస్తారు, లేదా నదిలోకి చేరుతుంది.

జనక్‌పుర్‌లో గుడి చూశాక ఇంకేముంది?

చాలా ఉంది. టీకంగఢ్ మహారాణి కట్టించిన జానకీ మందిరం చూడటానికి రాజమహల్ లాగా ఉంటుంది. దాని చుట్టూ చెరువులు, మఠాలు. ఊరి శివారులోని కువా గ్రామంలో మిథిలా స్త్రీలు చిత్రాలు వేసి అమ్ముకునే కేంద్రం ఉంది, ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మలను వాళ్ళు చేతితో తయారుచేసిన కాగితం మీదికి తెచ్చారు. బజారులో అచ్చు వేసిన నకలు కొనేకంటే ఆ చేతుల నుంచే కొనండి. బేరం ఆడకండి.

ఫాల్గుణంలో 15 రోజుల మిథిలా పరిక్రమ జరుగుతుంది. పల్లకీల వెంట వేలమంది కాలినడకన బయలుదేరి, నేపాల్ పల్లెలు, బీహార్‌లోని మధుబని వైపు పల్లెలు చుట్టి జనక్‌పుర్ చేరతారు. రాత్రుళ్ళు మామిడితోటల్లో పడక. మోటారు ఏదీ లేకుండా తరతరాలుగా సరిహద్దును దాటుతున్న యాత్ర అది. మొత్తం నడవలేకపోయినా ఒక రోజు వాళ్ళతో నడవండి. మార్గశిరంలో వివాహపంచమికి మాత్రం ఊరు కిటకిటలాడుతుంది, గది ముందే చూసుకోవాలి.

పశుపతినాథ్‌లో ఏమైనా ప్రత్యేక జాగ్రత్తలు?

బాగ్మతి ఒడ్డున దహనాలు జరుగుతుంటాయి. వాటిని ఫోనులో చిత్రీకరించకండి, అవి ఎవరి ఇంటి దుఃఖమో. ప్రధానాలయంలో సేవ చేసే భట్టులు కర్ణాటక నుంచి వెళ్ళినవారు. శనివారం నేపాల్‌లో వారపు సెలవు కాబట్టి ఆ రోజు రద్దీ ఎక్కువ.

కాలీ గండకీలో సాలగ్రామాలు ఏరుకుని తెచ్చుకోవచ్చా?

సంచుల కొద్దీ ఏరడం వద్దు. పూజకు ఒకటి కావాలంటే స్థానికుల దగ్గర కొని, రసీదు ఉంచుకోండి. అవి కోట్ల ఏళ్ళనాటి సముద్రజీవుల శిలాజాలు కూడా. ఒకసారి ఖాళీ అయిన ఒడ్డు మళ్ళీ నిండదు.

## బృందాలు నడిపేవారికి

నలభై మందిని ఒకేసారి తీసుకెళ్ళడం సాధ్యమేనా?

సాధ్యమే, కానీ ఇరవై, ఇరవైగా రెండు రోజుల తేడాతో పంపితే మంచిది. కొండ ఊళ్ళలో ఇంటికి రెండు మూడు గదులే ఉంటాయి. నలభై మంది ఒకేసారి దిగితే ఆ ఊరి కుటుంబాలకు దక్కాల్సిన బస పట్నంలోని పెద్ద హోటలుకు పోతుంది. సరిహద్దు నుంచి స్థానిక వాహనమే మాట్లాడండి, వీలైతే కరెంటుది. ఒప్పందంలో మూడు సంగతులు రాయించండి: చీకటి పడ్డాక ప్రయాణం లేదు, డ్రైవరుకు రాత్రి పడక, భోజనం మన ఖర్చే, వర్షం వల్ల ఆలస్యమైతే జరిమానా లేదు. జరిమానా భయం ఉన్న డ్రైవరు తొందరపడతాడు.

ప్రతి ఐదు రోజులకు ఒక ఖాళీ రోజు పెట్టండి. దారి మూసుకుపోతే అది అక్కరకు వస్తుంది, లేకపోతే పెద్దవాళ్ళకు విశ్రాంతి.

భూటాన్‌లో లాగా నేపాల్‌లో రోజుకింత అని రుసుము ఉందా?

లేదు. భూటాన్ భారతీయుల దగ్గర రాత్రికి 1,200 రూపాయలు సుస్థిరాభివృద్ధి రుసుముగా తీసుకుంటుంది. నేపాల్ అలాంటిదేమీ అడగదు, జాతీయవనాలు, సంరక్షణ ప్రాంతాలు, కొన్ని వారసత్వ స్థలాలకు మాత్రమే ప్రవేశ రుసుములు ఉన్నాయి. అడగకపోయినా ఆ మేరకు మీ బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టి, స్థానిక గైడులకు, ఇంటి బసలకు ఖర్చు చేయమని బృంద నాయకులను కోరుతున్నాను.

రక్సౌల్ నుంచి ఖాట్మండుకు రైలు వస్తుందంటున్నారు. అప్పటిదాకా ఆగాలా?

ఆగనక్కర్లేదు. కొంకణ్ రైల్వే సర్వే చేసింది, దాదాపు 140 కిలోమీటర్ల మార్గం, మధ్యలో ఎన్నో సొరంగాలు, వంతెనలు. పట్టాలు పడటానికి ఏళ్ళు పడుతుంది. ప్రస్తుతానికి రక్సౌల్‌లో రైలు దిగి, సరిహద్దు దాటి బీర్‌గంజ్‌లో రాత్రి ఉండి, తెల్లవారాక హెటౌడా మీదుగా వెళ్ళే బండి ఎక్కడమే దారి.

తిరుగు రైలు అందకపోతే ఏం చేయాలి?

రైలు బయలుదేరే రోజుకు ఒక రోజు ముందే సరిహద్దు దాటి భారత్ వైపు చేరేలా పెట్టుకుంటే ఈ సమస్య దాదాపు రాదు. గోరఖ్‌పూర్, దర్భంగా రెండూ ఆ ఒక్క రోజు గడపడానికి తగిన ఊళ్ళే. కొండల్లో దారి మూసుకుపోయి ఇక అందదని తెలిస్తే, వెంటనే, రిజర్వేషన్ చార్టు తయారుకాకముందే ఫోనులో టికెట్ రద్దు చేసుకోండి, కొంతైనా తిరిగి రావచ్చు. డ్రైవరును తొందరపెట్టకండి. గోరఖ్‌పూర్ నుంచి దక్షిణాదికి వారంలో ఒకటి కంటే ఎక్కువ రైళ్ళున్నాయి, మరో రెండు రోజులు ఆగితే తత్కాల్‌లో ప్రయత్నించవచ్చు.